ఎదురుకాళ్ళ వదిన

సత్తెనపల్లి,
12 జూన్ 2004.

మార్టూరు వదినగారికి రహిమున్నీసా సలాం.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను గానీ నేను క్షేమంగా లేను. దానికి కారణం మీరు. ఫోను చేసి చెప్పొచ్చు. కానీ నా మాట సగంలో ఉండగానే మీరు పెట్టేస్తారు. ఉత్తరమైతే చింపేయడానికైనా ముందు చదవాల్సిందే.

మీ అమ్మాయి షమా పెళ్ళిలో బిర్యానీ డేగిసా దించబోయి నా నడుం పట్టేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళమని మీ తమ్ముడితో అంటున్నాను. ఈలోపు మీ అత్తగారి వైపు ఆడవాళ్ళు, ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి ఇంట్లోనే ఉండగా ఆసుపత్రి ఎందుకని నన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టారు. మీరు పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వచ్చారు. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుగా వచ్చినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా పుట్టింట్లోనూ నమ్ముతారు, కాదనను. కానీ తొక్కడమంటే పాదం ఆనించి తీయడం. మీరు ఆనించలేదు. పాతికేళ్ళ కోపమంతా ఆ పాదంలోకి తెచ్చుకుని దించారు. మెల్లగా వదినా అని నేను అరిస్తే, "మెల్లగా తొక్కితే పట్టు వదలదే" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

ఆ రోజు నుంచి నడుంలోంచి ఎడమ కాలి మడమ దాకా కారం పూసినట్టు మంట. పత్తి గింజలు పెట్టే రోజుల్లో నేను మంచం మీద ఉన్నాను. మీ తమ్ముడు కూలీలను పెట్టుకుని, ఒక్కడే చేనూ ఇల్లూ చూసుకుంటున్నాడు. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు అన్నారు. సగం మొగుడి హక్కుతోనే తొక్కారేమో.

దీనికి జవాబు అక్కర్లేదు. మీకు తెలియాలని రాశాను.

రహిమున్నీసా

*

మార్టూరు,
1 జూలై 2004.

రహిమున్నీసాకి,

జవాబు అక్కర్లేదన్నావు కనుక రాస్తున్నాను.

నాకు మాటలు రాకముందే నన్ను ఎత్తుకెళ్ళి జనం నడుముల మీద నిలబెట్టారు. మా అమ్మ నన్ను కనడానికి చచ్చి బతికింది. ఆ కష్టానికి నాకు దక్కింది ఈ పాదాలే. మార్టూరు రాళ్ళ ఫ్యాక్టరీల నుంచి మోతగాళ్ళు ఇప్పటికీ మా గుమ్మంలోకి వచ్చి బోర్లా పడుకుంటారు. లేచి, దుమ్ము దులుపుకుని, పనికి పోతారు. ఒక్కరికి ఎముక విరిగిందని వినలేదు. వీధి చివర కొండమ్మ అయితే తొక్కించుకున్నప్పుడల్లా ముంత నిండా పెరుగు తెస్తుంది. నీ ఒక్కదాని నడుమే గాజుదా?

డేగిసా సంగతి కూడా రాయవలసింది. ఇద్దరు మగవాళ్ళు దించుతారు, నువ్వు ముట్టుకోవద్దని నేను చెప్పాను. చెప్పాను కనుకనే నువ్వు చెయ్యి వేశావు. నేను తూర్పంటే నువ్వు పడమర. మబ్బు పట్టింది, కళ్ళంలో మిరపకాయలు ఎత్తమంటే, ఎత్తినవి కూడా తెచ్చి పరిచిన మనిషివి. ఆ ఏడాది కాయలన్నీ తెల్లబారి తాలు కింద పోయాయి. తప్పు మబ్బుదన్నావు.

నడుం నీకు ఒక్కదానికే ఉందనుకుంటున్నావు. ఇరవై ఏళ్ళుగా కుట్టు మిషను ముందు వంగి కూర్చున్నాను. గుంటూరులో వెన్నులో ఇంజెక్షన్లు చేయించుకున్నాను, చెన్నై వెళ్ళి నరం కాల్పించుకున్నాను. ఎలా ఉందని నువ్వు ఒక్కసారి అడిగావా? నా తమ్ముడు వచ్చి చూశాడు. నువ్వు మిరపనారుకు నీళ్ళు పెట్టాలని ఉండిపోయావు. నారు బాగానే బతికి ఉంటుంది.

జానీబీ

*

సత్తెనపల్లి,
20 ఆగస్టు 2004.

వదినగారికి,

మీ ఉత్తరానికి మాటకు మాట రాయగలను. మూడు కాగితాలు రాసి చింపేశాను కూడా. ఇది వేరే పని మీద రాస్తున్నాను.

గుంటూరులో స్కానింగు తీశారు. నాలుగో పూసకూ అయిదో పూసకూ మధ్య ఉండే డిస్కు పక్కకు జారి, కాల్లోకి దిగే నరాన్ని నొక్కుతోందట. పాతకాలంలోలా వీపంతా కోయక్కర్లేదని డాక్టరు చెప్పాడు. మూడు దారులున్నాయి. నరం పక్కన ఇంజెక్షన్ ఇచ్చి వాపు తగ్గించడం ఒకటి. డిస్కులోకి సూదితో గ్యాసు ఎక్కించి దాన్ని కుదించడం రెండోది. చిన్న రంధ్రం పెట్టి, గొట్టంలోంచి జారిన ముక్కను తీసేయడం మూడోది. ఆయన మూడోదే మంచిదంటున్నాడు. కోసే చెయ్యి కోయమనక ఏమంటుంది?

ఎడమ కాలి చెప్పు జారిపోయినా నాకు తెలియడం లేదు. మొన్న బజారు నుంచి ఇంటిదాకా ఒంటి చెప్పుతో వచ్చాను. మా నాజియా వెళ్ళి బోరింగు దగ్గర పడి ఉన్న రెండోది తెచ్చింది. డాక్టరు బొటనవేలు నొక్కి పట్టి పైకెత్తమన్నాడు. బలం తగ్గుతోంది, ఎక్కువ ఆలస్యం చేయొద్దన్నాడు.

ఈ సూదులన్నీ తిన్న మనిషి మా రెండు వైపులా మీరొక్కరే. అందుకని అడుగుతున్నాను. ఏది ఎంతకాలం పనిచేసింది, ఏది చేయించుకోమంటారు? మా అక్క ఏది చెబితే దానికి ఎదురు చేసేదానివి, అడగడం దేనికని మీ తమ్ముడు నవ్వుతున్నాడు. నవ్వనీయండి. మీకు నేనంటే పడదు, నాకు మీరంటే పడదు. కానీ నొప్పి తెలిసిన మనిషి నొప్పి విషయంలో అబద్ధం ఆడదని నేను అనుకుంటున్నాను.

రహిమున్నీసా

*

మార్టూరు,
3 సెప్టెంబరు 2004.

రహిమున్నీసాకి,

అడిగావు కనుక చెబుతున్నాను.

నాకు మొదటి ఇంజెక్షన్ ఇచ్చాక ఇంటికి వచ్చి ఈద్ బట్టలన్నీ కుట్టేశాను. అంత హాయిగా ఉంది. రెండోది అంతకాలం ఆగలేదు. మూడోది ఇచ్చినట్టే లేదు. అప్పుడు చెన్నై పంపారు. అక్కడ వెన్నుపూసల కీళ్ళ దగ్గరకు సన్నటి సూది దింపి, దాని మొన వేడెక్కించి, నొప్పిని మోసే చిన్న నరాన్ని మాడ్చారు. ఏడాది పైన సుఖపడ్డాను. నరం జుట్టులాంటిది, మళ్ళీ పెరుగుతుందని ముందే చెప్పారు. పెరిగింది. ఇప్పుడు మళ్ళీ దిండు పెట్టుకుని కూర్చుంటున్నాను. అయినా అది కీళ్ళ నొప్పికి. కాల్లోకి దిగే నొప్పికి పనికిరాదు, నువ్వు దాని గురించి అడగనే అక్కర్లేదు. గ్యాసు ఎక్కించుకున్నవాళ్ళను వార్డులో చూశాను. ఒకతను నవ్వుతూ వెళ్ళాడు, ఒకతను మళ్ళీ వచ్చాడు.

ఇక ఆ రంధ్రం సంగతి. చిన్నదైనా రంధ్రం రంధ్రమే. మంచి గుడ్డకు ఎవరైనా కావాలని చిల్లు పెట్టుకుంటారా? నువ్వు ఆపరేషన్ జోలికి పోవద్దు. ఇంజెక్షన్ చేయించుకుని ఇంట్లో కూర్చో. చెప్పు జారితే ప్రాణం పోదు, వెనక బెల్టున్న చెప్పులు కొనుక్కో. డాక్టరు తొందరపెడితే తొందరపడకు. ఇది నా మాట. పెద్దదాన్ని చెబుతున్నాను, వినితీరాలి.

జానీబీ

*

సత్తెనపల్లి,
28 అక్టోబరు 2004.

వదినా,

మీరు అని రాసి కొట్టేశాను. పెళ్ళై వచ్చిన కొత్తలో నువ్వు అనే పిలిచేదాన్ని. మధ్యలో ఎప్పుడు మారిందో గుర్తు లేదు.

నీ మాట విన్నాను. పాతికేళ్ళలో ఇదే మొదలు, మీ తమ్ముడు ఇప్పటికీ నమ్మడం లేదు. డాక్టరు చిన్న రంధ్రం పెట్టి తీసేద్దామని మళ్ళీ చెప్పాడు. మా వదిన అన్నీ చేయించుకున్న మనిషి, ఇంజెక్షన్ చాలంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను మొండికేశాక సరే, ఇచ్చి చూద్దాం, కానీ కాలి బలం చూడాలి, రెండు వారాల్లో మళ్ళీ రావాలన్నాడు.

మూడో రోజుకు మంట పోయింది. పూర్తిగా పోయింది వదినా. నిద్రపట్టింది. పత్తి పగిలి చేను తెల్లగా ఉంది, ఒడి కట్టుకుని నేనే తీస్తున్నాను. డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళలేదు. నొప్పి లేనప్పుడు ఆయనకు చూపించేదేముంది? చెప్పు మాత్రం ఇంకా జారుతోంది. చేలో ఎలాగూ చెప్పులు వేసుకోను.

నీ నడుం ఎలా ఉందని నేను అడగలేదని రాశావు. ఇప్పుడు అడుగుతున్నాను. ఎలా ఉంది? కొరివికారం పచ్చడి పెద్ద సీసా తీసి పెట్టాను. ఎవరైనా అటు వచ్చేవాళ్ళుంటే పంపుతాను. నీకు వెల్లుల్లి ఎక్కువ కావాలి కదా, వేశాను.

నీ మరదలు
రహిమున్నీసా

*

మార్టూరు,
3 నవంబరు 2004.

రహిమున్నీసా,

ఇది పోస్టులో వేయడం లేదు. మీ అన్నయ్య ఫ్యాక్టరీకి సెలవు పెట్టి తెస్తున్నాడు. నాకు బస్సులో కూర్చునే శక్తి లేదు, లేకపోతే నేనే వచ్చేదాన్ని. చదివిన వెంటనే ఆయనతో గుంటూరు బయలుదేరు.

పోయిన ఉత్తరంలో నేను నా మనసులో ఉన్నదాన్ని తిరగేసి రాశాను. చెప్పు జారుతోందని నువ్వు ఆగస్టులో రాసిన మాట దగ్గరే నాకు ఒకావిడ గుర్తొచ్చింది. చెన్నైలో నా పక్క మంచం మీద చీరాల ఆవిడ ఉండేది, సంతోషకుమారి అని. వాళ్ళు మగ్గం నేస్తారు. ఆమెకూ ఇలాగే చెప్పు జారేది. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గిందని ఆగింది. నొప్పి తగ్గింది, నరం మాత్రం నలుగుతూనే ఉంది. పాదం పడిపోయాక పరుగెత్తుకొచ్చింది. ఆపరేషన్ చేసినా పాదం లేవలేదు. మగ్గం గుంటలో కూర్చుని కాలితో పలక తొక్కలేక, నేత మానేసింది.

ఆపరేషన్ చేయించుకోమంటే నువ్వు చేయించుకోవు. నాకు తెలుసు, మీ అన్నయ్యకు తెలుసు, నా తమ్ముడికి తెలుసు. అందుకే వద్దని గట్టిగా రాశాను, పెద్దదాన్ని వినితీరాలని కూడా రాశాను, ఆ ముక్క చూస్తే నీకు ఒళ్ళు మండుతుందని. నువ్వు ఆ మంటలో వెళ్ళి చేయించుకుంటావనుకున్నాను. పాతికేళ్ళు వినని దానివి, నీకు ఇప్పుడే వినాలని ఎందుకు బుద్ధి పుట్టింది?

ఇంకొకటి. నా తొక్కుడు వల్ల డిస్కు జారలేదు, అది ముందునుంచే జారుతూ ఉందని డాక్టరు చెప్పాడట. నా తమ్ముడు గఫూరే మీ అన్నయ్యతో అన్నాడు. నువ్వు మూడు కాగితాలు చింపి నాలుగోది రాశావు, అందులో ఈ మాట రాయడానికి చోటు లేకపోయింది. సరే, ఆ పోట్లాట తర్వాత పెట్టుకుందాం. ముందు గుంటూరు వెళ్ళు.

జానీబీ

*

సత్తెనపల్లి,
6 నవంబరు 2004.

జానీబీ వదినగారికి,

మీ ఆయన వచ్చారు. అన్నం పెట్టాను, తిన్నారు, వెళ్ళారు. ఆయనతో నాకు గొడవ లేదు.

ముందు రాసింది అబద్ధం, ఇప్పుడు రాసింది నిజం అంటున్నారు. రేపు ఇంకో ఉత్తరం వచ్చి ఇది అబద్ధం, మొదటిదే నిజం అంటే నేనేం చేయాలి? నా నొప్పి పోయిందని రాశాను. మీరు ఇంకా దిండు పెట్టుకుని కూర్చుంటున్నారు. ఇద్దరికీ నడుమే, ఒకళ్ళు లేచి పత్తి తీస్తున్నారు. అది మీకు సహించలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. పుండు మానితే కాకి ఏమైపోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు చూస్తున్నాను.

నిజంగా నా మేలు కోరితే ఆ చీరాల ఆవిడ సంగతి మొదటి ఉత్తరంలోనే రాసేవారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే నేను చదవలేననుకున్నారా? ఎద్దును ముల్లుగర్రతో పొడిచి పక్కకు తిప్పినట్టు తిప్పుదామనుకున్నారా? మీ మాట ఒక్కసారి విన్నాను, మేలు జరిగింది. దాన్ని కూడా మీరు ఉండనివ్వడం లేదు.

నేను ఎక్కడికీ రాను. పత్తి రెండో తీత ఉంది. తర్వాత మిరప కోత ఉంది. సీసా మీ ఆయన చేతికి ఇవ్వలేదు.

రహిమున్నీసా

*

సత్తెనపల్లి,
9 మార్చి 2005.

జానీబీకి,

వదిన అని రాయడానికి చెయ్యి రాలేదు.

మిరప కోతలో ఉండగా ఎడమ పాదం సాలు మధ్య కట్టెకు తగిలి బోర్లా పడ్డాను. లేచి నడవబోతే పాదం కిందికే వేలాడుతోంది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ముందే తెలిసేది. గుంటూరు తీసుకెళ్ళారు. ఆ చిన్న రంధ్రం ఆపరేషనే చేశారు. వీపు మీద ఇప్పుడు నా బొటనవేలంత మచ్చ కూడా లేదు. మర్నాడే లేపి నడిపించారు. ఇంత చిన్న పనికా నేను భయపడింది అనుకున్నాను.

పాదం లేవలేదు. నరం చాలాకాలం నలిగిపోయిందని డాక్టరు చెప్పాడు. కొంత రావచ్చు, రాకపోవచ్చు. ఇంజెక్షన్ ఇచ్చాక చెప్పినట్టు రెండు వారాలకే వచ్చి ఉంటే పాదం నిలబడేదన్నాడు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు మోకాలు పైకెత్తి, కొంగలా అడుగు వేస్తున్నాను. ఇంట్లో తిరుగుతాను. చేలో సాళ్ళ మధ్య తిరగలేను. పద్దెనిమిదో ఏట ఈ ఇంటికి వచ్చాను, అప్పటి నుంచి ఏ ఏడాదీ మొదటి కాయ నా చెయ్యి పడకుండా కోయలేదు. ఇప్పుడు గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కూలీలు పచ్చికాయల కింద పండినవి వదిలేసి పోతుంటే అరుస్తున్నాను. ఎవరూ వినరు.

రెండో ఉత్తరం నమ్మకపోవడం నా తప్పు. అది నేను మోస్తాను. కానీ మొదటిది నమ్మాను. నమ్మి చెడినవాళ్ళు లేరంటారు. ఆ మాట అన్నవాళ్ళను మా చేను గట్టు దగ్గరకు రమ్మను.

రహిమున్నీసా

*

మార్టూరు,
20 మార్చి 2005.

రహిమున్నీసా,

నీ ఉత్తరం గఫూర్ చెప్పకముందే వచ్చింది. చదివి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఇది నీకు చెబితే నటన అంటావు. అను.

నాకు నీ మీద కోపం ఉంది. ఇప్పటికీ ఉంది. కానీ నీ కాలు పోవాలని నేను ఏనాడూ కోరలేదు. నీ మేలు కోరాను, తిన్నగా కోరడం చేతకాలేదు. నీతో తిన్నగా ఒక మాట మాట్లాడి ఎన్నేళ్ళైందో, ఎలా మాట్లాడాలో మర్చిపోయాను.

మొన్న పాలిషింగు ఫ్యాక్టరీ నుంచి ఒకామె నడుం పట్టేసిందని వచ్చి గుమ్మంలో పడుకుంది. పాదం ఎత్తాను. దించలేకపోయాను. లేచి ఆసుపత్రికి వెళ్ళమ్మా, స్కానింగు తీయించుకో అన్నాను. నాకు గర్వం పెరిగిందని తిట్టుకుంటూ పోయింది.

మీ అన్నయ్య చేత చెప్పులు పంపుతున్నాను. వెనక బెల్టుంది. ఎడమదానికి ముందు పక్క కూడా ఒక పట్టీ నేనే కుట్టి, చీలమండకు చుట్టుకునేలా పెట్టాను, పాదం వేలాడకుండా పట్టుకుంటుందని. బిగుతైతే చెప్పు, విప్పి కుడతాను.

నేను రానా? చేను చూసుకోవడం నాకు రాదు. వంట చేసిపెడతాను. గట్టు మీద నీ పక్కన కూర్చుని కూలీలను కేకలేస్తాను, నా గొంతు నీకంటే పెద్దది.

జానీబీ

*

సత్తెనపల్లి,
2 ఏప్రిల్ 2005.

వదినా,

చెప్పులు అందాయి. ఎడమది సరిపోయింది. కుడిది కొంచెం వదులు, కానీ అది మంచి కాలే, సర్దుకుంటుంది. వేసుకుంటున్నాను. అవసరం కనుక వేసుకుంటున్నాను, నువ్వు పంపావని కాదు. నిన్న వాటితో కళ్ళం దాకా వెళ్ళి వచ్చాను. కాయలు ఎండాయి. ఈ ఏడు రంగు బాగుంది.

సీసా మీ ఆయనకు ఇచ్చాను. అది అక్టోబరులో నీకోసం తీసిపెట్టింది. నీది నా దగ్గర ఎందుకు?

నువ్వు మాత్రం రావద్దు. నిన్ను చూస్తే నేను అనకూడనివి అంటాను, నువ్వు పడే మనిషివి కాదు, మళ్ళీ మొదలవుతుంది. నాకు ఇప్పుడు పోట్లాడే ఓపిక లేదు. ఈ మాట తిరగేసి చదువుకుని, రమ్మంటోంది కాబోలని పెట్టె సర్దుకోకు. రావద్దంటే రావద్దనే.

ఇకమీదట మన మధ్య ఏది రాసినా ఉన్నది ఉన్నట్టే రాసుకుందాం. తిట్టాలంటే తిట్టు. నొప్పి ఉంటే ఉందని రాయి. నేను కూడా అంతే.

కోపం ఎప్పటికి తగ్గుతుందో నాకు తెలియదు. తగ్గకపోనూ వచ్చు. తగ్గితే, రా అని ఒక కార్డు ముక్క రాస్తాను. అది చూసి, ఇందులో ఏం మెలిక ఉందోనని మీ ఆయన్ని కూర్చోబెట్టి ఆలోచించకు. రా అంటే రా అనే.

రహిమున్నీసా